‘రావొచ్చు’ అనే మా ఇంగ్లీషు సార్

మంగళవారం పొద్దున మా ఇంగ్లీషు సార్ పోయారు. సంగతి నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. వనపర్తి నుంచి ఆత్మకూరు మీదుగా గద్వాల పోయే బస్సులో నేను కండక్టర్ను. బస్సు ఆగీ ఆగగానే, బస్టాండు పక్కన చాయ్ హోటల్ నడిపే తమ్ముడు ఫుట్‌బోర్డు ఎక్కి నా చెయ్యి పట్టుకున్నాడు. అతనూ సార్ దగ్గర చదువుకున్నవాడే, నాకంటే చాలా ఏళ్ల తర్వాత.

"అక్కా, సార్ పోయిండ్రు."

"ఏ సార్?"

"ఇంగ్లీషు సారక్కా. పొద్దుగాల చాయ్ తాగి అరుగు మీద కూసున్నరంట. కూసున్నకాడనే పానం పోయింది."

ఏ సార్ అని ఎందుకు అడిగానో నాకే తెలియదు. నాకు సార్ అంటే ఒక్కరే. అప్పుడు నా ముందు ఒక ముసలమ్మ గద్వాలకు టికెట్ అడుగుతూ ఉంది. మిషన్ మీద ఏం నొక్కానో ఏమో, టికెట్ ఆత్మకూరు దాకానే వచ్చింది. పక్కాయన చదివి చెప్పేసరికి ఆమె లబలబలాడింది. "గిదేంది బిడ్డా, నన్ను ఈడనే దింపుతవా?" ఆమెకు ఇంకో టికెట్ కొట్టిచ్చి, రైట్ రైట్ అన్నాను. జూరాల కట్ట దాటేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

నేను రాసే మనిషిని కాను. రోజూ రాసేది డ్యూటీ కాగితాలే. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే నాకు సార్ మీద ప్రేమతో పాటు కొంచెం కోపం కూడా ఉంది. ఆ వారం గురువారం గట్టు మండలంలోని మా ఊరికి, మా అన్న ఇంటికి, నాతో వస్తానని ఆయన మాట ఇచ్చారు. రెండు రోజుల ముందు పోయారు. మనిషి పోవడానికి రోజు చూసుకుంటాడా అని మీరు అనవచ్చు. కానీ మా సార్ నోటి నుంచి ‘వస్త’ అనే మాట నేను విన్నది అదే మొదటిసారి. ఇరవై ఏళ్లు దాటిన ఎరుకలో అంతకు ముందు ఒక్కసారి కూడా వినలేదు.

ఊళ్లో ఆయనకు ‘రావొచ్చు సార్’ అని పేరుండేది. మా హైస్కూలుకు ఆయన రోజూ గద్వాల నుంచి బస్సులో వచ్చేవారు. ఎవరు ఏ పనికి పిలిచినా ఒక్కటే జవాబు.

"ఆదివారం మా పిల్ల పెండ్లి సార్. తప్పకుండ రావాలె."

"రావొచ్చు."

"గిదేం మాట సార్? వస్తనని చెప్పుండ్రి."

"రావొచ్చని చెప్తున్న గదా."

ఆదివారం పొద్దున వంటవాళ్లు ఇంకా ఉల్లిగడ్డలు కోస్తుండగానే సార్ పందిట్లో కుర్చీ వేసుకొని కూర్చునేవారు. దవాఖానలో ఎవరైనా ఉన్నా అంతే, బడిలో వార్షికోత్సవం ఉన్నా అంతే. రావొచ్చు అనేవారు, వచ్చేవారు. వస్తనని చెప్పి రానివాళ్లను మా ఊరు చాలామందిని చూసింది. రావొచ్చు అని చెప్పి ప్రతిసారీ వచ్చే మనిషితో ఎట్లా మసలాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే నవ్వుకునేవారు.

ఆయన క్లాసులో హాజరు కూడా వేరే తీరుగా ఉండేది. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనడానికి లేదు. "కనబడుతనే ఉన్నవ్ గద, నాకు కండ్లు లేవా?" అనేవారు. పేరు పిలవగానే లేచి మన గురించి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాలి. అందులో ఆ నెల మాట ఉండాలి. జూన్‌లో కెన్, జూలైలో మస్ట్, ఆగస్టులో మే, ఆ తర్వాత షుడ్, కుడ్, వుడ్, మైట్. పక్కవాళ్ల వాక్యం ఎత్తుకొస్తే కూర్చోబెట్టి మళ్లీ లేపేవారు. అరవై మంది లేచి కూర్చునేసరికి సగం పీరియడ్ అయిపోయేది. మిగతా సగం చాలు అనేవారు.

జూన్ నెల మహా సరదాగా ఉండేది. చేతనైనవి చెప్పుకోవడమంటే ఎవరికి ఇష్టం ఉండదు? నేను పదిమందికి వండగలను, నేను బర్రె పాలు పిండగలను, నేను తుమ్మచెట్టు ఎక్కగలను అని అందరం ఇంగ్లీషులో గొప్పలు పోయేవాళ్లం. వెనక బెంచీ నుంచి ఒకామె ‘ఐ కెన్ స్లీప్ స్టాండింగ్’ అన్నది. సార్ ఏమాత్రం నవ్వకుండా, "నిజమే, నిన్న ప్రార్థనల చూసిన" అన్నారు.

జూలై వచ్చేసరికి క్లాసు ముసలిదైపోయేది. ఐ మస్ట్ ఫెచ్ వాటర్. ఐ మస్ట్ క్యారీ మై బ్రదర్. ఐ మస్ట్ కట్ గ్రాస్. ఒక రోజు హాజరు అయిపోయాక సార్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి, మమ్మల్ని కొంచెంసేపు చూశారు. "నెల మొత్తం అయింది. ఒక్కరు గూడ ‘ఐ మస్ట్ ప్లే’ అనలేదేంది?" అన్నారు. మేము గొల్లున నవ్వాం. ఆడుకోవడం కూడా తప్పనిసరి పనేనా అని. ఆయన మాత్రం నవ్వలేదు.

వ్యాకరణం పుస్తకంలో ఈ మాటలన్నిటికీ ఒక పెద్ద పట్టిక ఉండేది. దాన్ని ఆయన మాతో బట్టీ పట్టించలేదు. మైట్ అంటే మన గట్టు మండలంలో వాన, మబ్బు పట్టినా నమ్మకం లేదు అనేవారు. వుడ్ యూ ప్లీజ్ అంటే కొత్త అల్లుడితో అత్తగారు మాట్లాడే మాట. మస్ట్ అంటే అదే అత్తగారు కోడలితో మాట్లాడే మాట. పట్టిక నాకు ఇప్పుడు గుర్తు లేదు. అత్తగారు మాత్రం గుర్తుంది.

ఆగస్టు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మే అనే మాటతో రేపటి గురించి చెప్పమనేవారు. మేము అమాయకంగా ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లం. రేపు మా ఇంటికి చుట్టాలు రావచ్చు, రేపు మా మేక ఈనవచ్చు. ఎవరో ఒకరు ‘ఐ మే నాట్ కమ్ టుమారో’ అనేవారు. సార్ వెరీ గుడ్ అని కూర్చోబెట్టేవారు. సాయంత్రం నాలుగున్నరకు చూస్తే ఆ పిల్ల ఇంటి ముందు నిలబడి ఉండేవారు. హాజరు పేరుతో ఆయన మా ఇళ్లలోకి తొంగిచూస్తున్నారని మాకు తెలిసేసరికి ఏడాది పట్టింది. తెలిశాక కూడా అబద్ధం చెప్పలేకపోయాం. అబద్ధాన్ని ఇంగ్లీషులో చెప్పేంత చదువు మాకింకా రాలేదు.

పదో తరగతి ఆగస్టు చివర నేను ఆ వాక్యం చెప్పాను.

మా దిక్కు విత్తనాల పత్తి గురించి ఎరగనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఆ పత్తికి పువ్వు పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను మధ్యాహ్నం నుంచి ఏరి, గోటితో గిల్లి, లోపలి మగభాగం తీసేసి, ఎర్ర కాగితం తొడుగు వేయాలి. మర్నాడు పొద్దున ఆ తొడుగు తీసి, వేరే వరుసలోని మగపువ్వు తెచ్చి పుప్పొడి రాయాలి. ఆ ఒక్క పూట దాటితే ఆ కాయ ఇక లేదు. రెండు నెలలు రోజూ ఇదే పని. ఆడపిల్లల వేళ్లకు మొగ్గ నలగదు అని పెద్దలు మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలుకు నేను మురిసిపోయేదాన్ని. ఆ ఏడు నాయన, అన్న పుణెలో మట్టిపనికి పోయి ఉన్నారు. చేనుకు మిగిలింది అమ్మ, నేను.

సాయంత్రం సార్ వచ్చారు. అమ్మ మంచం వాల్చి నీళ్లిచ్చింది. ఆయన బడి గురించి, పరీక్ష గురించి, నా మార్కుల గురించి చెప్పుకుపోయారు. అమ్మ అంతా విన్నది.

"చదివియ్యొద్దని నాకు లేదు సార్. పువ్వును జర ఆగుమని మీరే చెప్పుండ్రి. అది ఆగితే పిల్లను తోలుత."

సార్ చెంబు కింద పెట్టి లేచి వెళ్లిపోయారు. తలుపు చాటున నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది. బడి పోయినందుకు కాదు, సార్ ఓడిపోయినందుకు.

మర్నాడు పొద్దున మేము చేను చేరేసరికి ఆయన గద్వాల నుంచి మొదటి బస్సు పట్టుకొని మాకంటే ముందు వచ్చి ఉన్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక వరుస మొత్తం తిరిగి చివరన నిలబడి ఉన్నారు. ముఖంలో సంతోషం. రెండు జేబులూ ఉబ్బి ఉన్నాయి. బడి ఆవరణలో కాగితం ముక్క కనబడితే ఆగలేని మనిషి ఆయన. మాతో రోజూ ఏరించేవారు, తానూ ఏరేవారు. చేనులో మొగ్గ మొగ్గకూ ఎర్ర కాగితం కనబడేసరికి, పాపం తల్లీబిడ్డలకు సాయం అనుకొని, వరుస మొత్తం శుభ్రం చేశారు.

"అయ్యో అయ్యో సార్, ఎంత పని చేసిండ్రు!" అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. కాగితం ఉంటేనే ఆ మొగ్గ ఆకుల్లో కంటికి ఆనుతుంది. అది పోయాక ఒక్కొక్కదాన్నీ వెతుక్కోవాలి, వెతికేలోపు పూట దాటుతుంది. అమ్మకు దుఃఖం ఆగలేదు, సార్ అన్న సంగతి కూడా మరిచిపోయింది.

"ఎర్ర కాగితం పెట్టినమంటే, రేపు పొద్దుగాల వస్తమని పువ్వుకు మాట చెప్పినట్టు సార్. మీరు ఆ మాట పీకి జేబుల పెట్టుకున్నరు."

సార్ ఉబ్బిన జేబుల మీద చేతులు పెట్టుకొని తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డారు. "తప్పయిందమ్మా. ఎట్ల చెయ్యాల్నో చూపియ్యి" అన్నారు. అమ్మ కోపంగానే చూపించింది. ఆయన వేళ్లు మొద్దువి. పది పువ్వులు చేసేలోపు నేను ముప్పై చేసేదాన్ని. తొమ్మిదింటికి ఆయన చేతులు దులుపుకొని, "ఇంక పిల్లను తోలు. నేను చేసింది ఆమె లెక్కల రాసుకో" అన్నారు. అమ్మ నా చేతిలోంచి పువ్వు తీసుకుంది.

"రేపు గూడ వస్తరా ఏంది సార్?" అన్నది భయంగా.

"రావొచ్చు."

పువ్వు అయిపోయేదాకా వచ్చారు. పక్క చేన్లలో మా క్లాసు పిల్లలు ఇంకా ఉండేవారు. సార్ వరుసలో వంగి పనిచేస్తూనే పేర్లు పిలిచేవారు. ఆకుల్లోంచి ఒక్కొక్క గొంతు లేచి ఇంగ్లీషు వాక్యం చెప్పేది. గట్టు మీద నడిచిపోయేవాళ్లు మనుషులు కనబడక, మాటలు వినబడి బిత్తరపోయేవారు. అంత నవ్వు మా చేనులో అంతకు ముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు. తొమ్మిది తర్వాత నేను, మరికొందరం సార్ వెంట బడికి నడిచేవాళ్లం. కొందరు చేనులోనే ఉండిపోయేవారు. వాళ్లకు రిజిస్టర్‌లో టిక్కు పెట్టేవారు కాదు. మొగ్గ మరీ ఎక్కువై నేను కూడా చేనులోనే ఉండిపోయిన మూడు రోజులకు నాకూ పెట్టలేదు.

"హాజరు చేన్ల తీసుకుంటిరి గద సార్, టిక్కు పెట్టుండ్రి" అని నేను గొడవ పడ్డాను.

"నువ్ బడికి రాలే. రాలేదని రాసిన."

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు నా బస్సులో ఎవరైనా టికెట్ లేకుండా దొరికితే, మా ఊరివాళ్లయినా సరే, నేను ఊరుకోను. గయ్యాళిదని నన్ను తిడతారు. తిట్టాల్సింది నన్నొక్కదాన్నే కాదని మనసులో అనుకుంటాను.

విల్ అనే మాట మాత్రం ఆయన ఫిబ్రవరి దాకా ఇచ్చేవారు కాదు. ఎవరైనా తొందరపడి వాడితే ఆపేవారు. "ఇది నోట్లకెంచి వచ్చిందంటే కాళ్లు గూడ ఎంబడి పోవాలె. జర ఆగుండ్రి" అనేవారు. ఆ ఏడు ఫిబ్రవరిలో దాన్ని చెబుతూ, జేబులోంచి నలిగిన ఎర్ర కాగితం తొడుగు ఒకటి తీసి పైకి పట్టుకున్నారు. "ఈ మాటకు అర్థం నాకు ఇరవై ఏండ్ల నౌకరిల తెల్వలే. ఒక అమ్మ చెప్పింది, చేన్ల" అన్నారు. నేను తల వంచుకున్నాను. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ రోజు నాకు ఎంత గర్వమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నేను పదో తరగతి పాసయ్యాను. గద్వాలలో ఇంటర్ చేశాను. కొన్నేళ్లకు ఈ ఉద్యోగం వచ్చింది. సార్ రిటైరై ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నారు. ప్రతి గురువారం గద్వాలకు నా బస్సే ఎక్కేవారు. అడిగితే షుగర్ గోలీల కోసం అనేవారు. గోలీలు ఆత్మకూరులోనూ దొరుకుతాయి. గద్వాలలో పాత శిష్యుల దుకాణాలు చుట్టి రావడమే ఆయన పని. నా సీటు వెనుక కిటికీ దగ్గర కూర్చొని, సందు దొరికితే, "చెప్పు, ఇయ్యాల ఏం వాక్యం?" అని అడిగేవారు. ‘ఐ మస్ట్ షౌట్’ అనేదాన్ని. బస్సులో జనాన్ని చూసి నవ్వేవారు.

ఏటా పత్తి పువ్వు పట్టేముందు ఒక పొట్లం ఇచ్చేవారు. అందులో తానే కత్తిరించి అతికించిన ఎర్ర కాగితం తొడుగులు. "మీ అమ్మకు ఇయ్యి. ఆనాడు పీకినవాటి బాకీ ఇంక తీరలేదు" అనేవారు. అమ్మ ఆ పొట్లం విప్పినప్పుడల్లా, "ఈ సారుకు పనిలేదు" అని తిడుతూ పైట చెంగుతో కళ్లు తుడుచుకునేది.

వస్త అని ఎందుకనరు సార్ అని రెండేళ్ల కిందట అడిగాను. బస్సు జూరాల కట్ట మీద ఉంది. గేట్లు ఎత్తారు, కిటికీల్లోంచి తుంపర కొడుతోంది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పారు.

"నౌకరి కొత్తల నాగర్‌కర్నూల్ దిక్కు ఉంటి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె. బడి మాన్పిస్తరు సార్ అని ఏడ్చింది. రేపు వచ్చి మీ నాయనతోటి మాట్లాడుత అని చెప్పిన. రేపు నాకేదో సొంత పని పడింది. ఎల్లుండి పోయిన. తలుపుకు తాళం ఉండె, అందరు వలస పోయిండ్రు. పక్కింటోళ్లు చెప్పిండ్రు, సార్ వస్తనన్నడని ఆ పిల్ల పొద్దు మునిగేదాక అరుగు మీదనే కూసున్నదంట."

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు ఏం పని పడిందో గూడ ఇప్పుడు యాదికి లేదు. గదే నాకు బాధ" అన్నారు.

ఇప్పుడు మా అన్న సంగతి. అన్న ఇప్పుడు ఆ చేనే చేస్తున్నాడు. పోయిన నెల వదినె కాలుజారి పడి చెయ్యి విరిగింది. చేను నిండా మొగ్గ. పదో తరగతి చదివే కూతురిని బడి మాన్పించాడు. నేను పోయి వాకిట్లో నిలబడి, నలుగురూ వినేట్టు నానా మాటలూ అన్నాను. "మా ఇంట్ల సంగతి నీకెందుకు చెల్లె?" అన్నాడు. అలిగి వచ్చేశాను. నేను అన్నది తప్పు కాదు, కానీ నా నోరు ఎక్కువైంది. వచ్చాక, నా కోపం ఆ పిల్లకు ఏం పనికొచ్చిందని కుమిలిపోయాను.

సార్ పోవడానికి ముందటి గురువారం బస్సులో ఆయనకు అంతా చెప్పాను. తిరిగి ఆత్మకూరులో దిగేముందు అడిగాను. "వచ్చే గురువారం సెలవు పెడుత సార్. మీరు ఒక్కసారి వచ్చి అన్నతోటి మాట్లాడుండ్రి. మీ మాట కాదనడు."

ఆయన మెట్టు మీద ఆగారు. "వస్త" అన్నారు.

"ఏమన్నరు సార్?"

"వస్త అన్న. నీకు గూడ చెవులు మందమైనయా?" అని కర్ర పొడుచుకుంటూ దిగిపోయారు. ఆయనను నేను చూడడం అదే ఆఖరు.

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి నేను ఆత్మకూరు చేరేసరికి చర్చి వెనుక సమాధుల దగ్గర ప్రార్థన అయిపోయింది. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. ఎక్కడెక్కడి శిష్యులో వచ్చారు, మేస్త్రీలు, నర్సులు, దుకాణాలవాళ్లు, ఒక పోలీసాయన. ఆ తర్వాత ఇంటి దగ్గర సార్ భార్య నన్ను చూసి దగ్గరకు పిలిచింది. "నన్ను చూడనీకి వచ్చిననాడు పిల్ల నచ్చిందా అని మా నాయన అడిగితే, నచ్చొచ్చు అన్నడు. గసుంటి మనిషి ఈ వారమంతా, గురువారం నేను పోవాలె, పోవాలె అనుకుంట తిరిగిండు. సంచి గూడ సదురుకున్నడు బిడ్డా" అంటూ లోపలికి పోయి గుడ్డసంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒక తువ్వాలు, నీళ్ల సీసా, ఎర్ర కాగితం తొడుగుల పొట్లం ఉన్నాయి.

నేను ఏడ్చింది అప్పుడే. తువ్వాలు దేనికో నాకు అర్థమైంది. ఆయన అన్నతో మాట్లాడ్డానికి బయలుదేరలేదు. చేనుకు బయలుదేరారు.

గురువారం తెల్లవారి మొదటి బస్సులో, టికెట్ కొనుక్కొని, మా ఊళ్లో దిగాను. దారి పొడుగునా అన్నకు ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. చేను గట్టు మీద అమ్మ కూర్చొని ఉంది. అన్న, నా మేనకోడలు వరుసల్లో ఉన్నారు.

"ఏంది చెల్లె, గింత పొద్దుగాల?" అన్నాడు అన్న. గొంతులో పాత కోపం ఇంకా ఉంది.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. సంచి గట్టు మీద పెట్టి, సార్ తువ్వాలు నడుముకు చుట్టుకొని, పిల్ల పక్కన వంగాను. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కు మడిచి, మొదటి మొగ్గ తొడుగు తీసి పుప్పొడి రాశాను. ఇరవై ఏళ్లయినా నా వేళ్లు ఏమీ మరిచిపోలేదు. రెండు వరుసలు చేశాం. తొమ్మిది అవుతుండగా, "నువ్ బడికి పో" అన్నాను పిల్లతో.

"నాయన ఏమంటడో అత్తా."

అన్న తల ఎత్తలేదు. ఇంకో నాలుగు పువ్వులు చేశాడు. "మీ అత్త చెప్తుంది గద, పో" అన్నాడు.

పిల్ల పరుగు తీసింది. అమ్మ అప్పటికే సంచిలోంచి పొట్లం తీసి ఒళ్లో విప్పుకుంది. సార్ పోయిన సంగతి ఆమెకు ముందే తెలుసు. "పోయినంక గూడ పంపిండు" అన్నది. ఈసారి తిట్టలేదు.

మధ్యాహ్నం మొగ్గలు గిల్లడం మొదలుపెట్టాం. సార్ కత్తిరించిన తొడుగులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చెయ్యి వణికినచోట అంచు వంకరగా ఉంది. ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాను. పొద్దు వాలేసరికి మూడు వరుసలు ఎర్రగా ఉన్నాయి. అన్న నడుము పట్టుకొని నిలబడి వాటిని చూశాడు.

"ఇన్నిటికి కాగితం పెడితివి. పిల్లను బడికి తోలుమంటివి. రేపు వీటికి ఎవరొస్తరు చెల్లె?"

నేను డ్యూటీ సంగతి ఆలోచించాను. వదినె చెయ్యి అతికేదాకా మధ్యాహ్నం బస్సుకు మార్చుకుంటే పొద్దున ఖాళీ. మార్చేది ఎవరు, ఒప్పుకునేది ఎవరు, ఇంకా ఎవరినీ అడగలేదు. నోటిదాకా రావొచ్చు అనే మాటే వచ్చింది.

"వస్త" అన్నాను.

పొట్లంలో ఒక్క కాగితం మిగిలింది. వెలుతురు ఉండగానే దానికి ఒక మొగ్గ వెతికాను.